కాలువకు పేరిచ్చిన దొర ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల బకింగ్‌హాం కాలువ మీద వ్యాసం వేశాం. అందులో ఒకచోట "ఈ కాలువకు పేరిచ్చిన దొరగారి సొంత భవంతిలో ఇప్పుడు బడి నడుస్తోంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాం. కాలువ సంగతి అడిగినవాళ్లు తక్కువ, ఆ ఇంటి సంగతి అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఇంటికే కేటాయించాం. మధ్యలో అల్లూరు నుంచి వచ్చిన ఒక మిద్దె ప్రశ్న కూడా దీంట్లోనే కలిసిపోయింది.

కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడు: మా కాలువ బకింగ్‌హాం, లండన్‌లో బకింగ్‌హాం ప్యాలెస్ తాలూకు బకింగ్‌హాం ఒకరేనా? మా ఊళ్లో అందరూ ఒకరే అంటారు.

కాదండీ. ప్యాలెస్‌కు పేరిచ్చినాయన జాన్ షెఫీల్డ్ అనే వేరే డ్యూక్. 1703లో ఆయన కట్టించుకున్న ఇంటిని 1761లో మూడో జార్జి రాజు కొన్నాడు. ఆ వంశానికీ మన కాలువకూ సంబంధం లేదు.

మన దొర పేరు రిచర్డ్ ప్లాంటాజెనెట్ కాంప్‌బెల్ టెంపుల్-న్యూజెంట్-బ్రిడ్జెస్-చాందోస్-గ్రెన్‌విల్, బకింగ్‌హాం అండ్ చాందోస్ మూడో డ్యూక్. ఆస్తిగల ఇళ్ల నుంచి ఆడపిల్లల్ని తెచ్చుకుంటూ, ఆ ఇళ్ల పేర్లన్నీ తమ పేరుకు తగిలించుకుంటూ పోతే అంత పొడుగు అయింది. 1875 నవంబరు నుంచి 1880 డిసెంబరు దాకా మద్రాసు గవర్నరు. అంతకుముందు ఇంగ్లండులో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి 1853 నుంచి 1861 దాకా చైర్మన్.

కాలువను ఆయన మొదలుపెట్టలేదు. 1806లోనే మద్రాసుకు ఉత్తరాన తవ్వకం మొదలైంది. బేసిల్ కొక్రేన్ అనే వ్యాపారి పేరు మీద చాలాకాలం కొక్రేన్ కాలువ అనేవారు. ధాత నామ సంవత్సరపు కరువులో (1876–78) కూలి పనిగా మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య దాదాపు 8 కిలోమీటర్లు తవ్వించి, ఉత్తరపు కాలువను దక్షిణపు కాలువతో కలిపారు. 1878లో గవర్నరు పేరు పెట్టారు. ఇప్పటి లెక్కలో పెదగంజాం లాకు నుంచి చెన్నై సెంట్రల్ స్టేషను దాకా 316 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరక్కాణం దాకా 110. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలుస్తుంది కాబట్టి ఒకప్పుడు పడవ కాకినాడలో బయలుదేరి మద్రాసులో ఆగేది.

ఆయన ఇల్లు స్టో. ఇంగ్లండులో బకింగ్‌హాంషైర్ జిల్లా, బకింగ్‌హాం అనే చిన్న పట్నానికి అయిదు కిలోమీటర్ల లోపు.

కావలి నుంచి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి: అంత ఆస్తి ఉన్న కుటుంబం దివాలా తీసిందని రాశారు. ఎట్లా? జూదమా?

జూదం కాదు. బ్యాంకులో పనిచేసినవారు కాబట్టి మీకు రెండు అంకెలు చెబితే చాలు: అప్పు మీద వడ్డీ నూటికి నాలుగైదు, ఆ అప్పుతో కొన్న పొలం మీద వచ్చే శిస్తు నూటికి మూడు.

మొదటి నుంచీ చెప్పాలి. మన దొర పూర్వీకులైన టెంపుల్ కుటుంబం డబ్బు చేసింది గొర్రెల మీద. (గొర్రెల విలువ నెల్లూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.) 1571లో పీటర్ టెంపుల్ స్టోను కౌలుకు తీసుకున్నాడు. 1589లో కొడుకు జాన్ కొనేశాడు. 1677లో మొదలుపెట్టి ఇటుకతో కొత్త ఇల్లు కట్టారు. ఇప్పటి భవనం నడుమ ఉన్నది ఆ ఇల్లే. తర్వాతి తరంలో లార్డ్ కోభం సైన్యంలో పేరు తెచ్చుకుని, సారాయి బట్టీల... కాదు, బీరు కాచే వ్యాపారి వారసురాలిని చేసుకుని, ఆ డబ్బుతో తోట వేయించాడు. బ్రిడ్జ్‌మన్, వాన్‌బ్రా, గిబ్స్, కెంట్ లాంటి ఆనాటి మేటి పనివాళ్లంతా ఆ తోటలో చెయ్యి పెట్టినవాళ్లే. 1741 నుంచి 1751 దాకా అక్కడ పెద్ద తోటమాలి లాన్సెలాట్ బ్రౌన్. ఆ తర్వాత ఇంగ్లండులో దొరల తోటల రూపమే మార్చేసినాయన ఆయనే. పశువులు తోటలోకి రాకుండా గోడ కట్టకుండా, కంటికి కనపడని లోతు కందకం తవ్వి ఒక పక్కన మాత్రమే రాతికట్టు కట్టే పద్ధతి ఇంగ్లండులో తొలిసారిగా పెద్ద ఎత్తున వాడిన చోట్లలో స్టో ఒకటి. ఇంట్లోంచి చూస్తే తోట, పచ్చిక బయలు ఒకటిగా కలిసిపోయినట్టు ఉంటాయి.

జనం చూడటానికి ఎగబడ్డారు. వాళ్లకోసం 1717లోనే న్యూ ఇన్ అనే సత్రం కట్టారు. 1744లో బెంటన్ సీలీ అనే ఆయన తోటకు గైడు పుస్తకం వేసి అమ్ముకున్నాడు. దొరల ఇంటికి టిక్కెట్టు పెట్టి చూపించడం ఈమధ్య వచ్చిన ఆలోచన అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

1770లలో దక్షిణపు ముఖం తిరగగట్టారు. రెక్కలతో కలిపి పొడవు 900 అడుగుల పైనే. లోపల మార్బుల్ సలూన్ అనే అండాకారపు హాలు, గుమ్మటం ఎత్తు 56 అడుగుల పైచిలుకు. చుట్టూ ఉన్న 16 స్తంభాలు చూడటానికి పాలరాయిలా ఉంటాయి గానీ రాయి కాదు. జిప్సం పొడి, జంతువుల జిగురు, రంగులు కలిపి పూసి మెరుగుపెట్టినవి. అసలు రాయి కన్నా ఆ పనితనమే కష్టం.

ఇంతవరకూ కుటుంబం నిలబడే ఉంది. 1822లో డ్యూక్ బిరుదు వచ్చింది, దాంతో పాటే పోటీ. అప్పట్లో పొలమంటే ఓట్లు, ఓట్లంటే పార్లమెంటులో మనుషులు. మొదటి డ్యూక్, ఆయన కొడుకు రెండో డ్యూక్ అప్పు చేసి మరీ పొలాలు కొన్నారు. లక్ష పౌండ్లు అయిదు వడ్డీకి తెచ్చి మూడు వచ్చే పొలం కొంటే ఏటా రెండు వేలు చేతి నుంచి పడతాయి. ఆ రెండు వేలకు మళ్లీ అప్పు. 1845 జనవరిలో విక్టోరియా రాణి, ఆల్బర్ట్ ప్రభువు చుట్టపుచూపుగా వస్తే ఇల్లంతా కొత్త సామానుతో నింపారు. అప్పుడు తెచ్చిన తివాచీలకు డబ్బు ఇంకా కట్టకముందే, 1847లో డ్యూక్ దేశం వదిలిపోయాడు. అప్పులు పది లక్షల పౌండ్లు దాటాయి.

ఇందులో దస్తావేజుల మెలిక ఒకటుంది. ఇలాంటి ఎస్టేట్లలో తండ్రికి ఉండేది జీవితాంతం అనుభవ హక్కు మాత్రమే, అమ్మే హక్కు లేదు. పెద్ద కొడుకు ఇరవై ఒకటి నిండి ఒప్పుకుంటేనే ఇద్దరూ కలిసి ఆ కట్టు తెంపగలరు. మన మూడో డ్యూక్ కుర్రవాడిగా ఉన్నప్పుడు తండ్రి ఆయన చేత అలాగే సంతకం పెట్టించుకున్నాడు. తర్వాత మిగిలిన ఎస్టేటును ఒడ్డున పడేసే పనీ ఆయన నెత్తినే పడింది.

1848 ఆగస్టు 15న వేలం మొదలైంది. క్రిస్టీస్ వాళ్లు 40 రోజులు పాడారు. వచ్చింది 75 వేల పౌండ్ల చిల్లర. అప్పులో రూపాయికి ఎనిమిది పైసలు కూడా కాదు. ఇల్లు నింపిన సామాను ఎంత ఖరీదైనా అప్పు తీర్చదని ఆ లెక్కే చెబుతుంది. నిజంగా అప్పు తగ్గించింది వేల ఎకరాల అమ్మకం. ఆ వేలంలో 355 గినీలకు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) పోయిన షేక్‌స్పియర్ పటమే ఇప్పుడు లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఒకటో నంబరు పటం. కొన్నాయన 1856లో దాన్ని ఆ గ్యాలరీకి కానుకగా ఇచ్చాడు.

ఒంగోలు నుంచి ఎం.ఏ. విద్యార్థిని: కరువు కూలి తగ్గించిన "టెంపుల్ కూలి" రిచర్డ్ టెంపుల్ ఈ కుటుంబం వాడేనా?

మీరడిగిన సర్ రిచర్డ్ టెంపుల్ వేరే మనిషి. వైస్రాయ్ లిట్టన్ కరువు పరిశీలనకు మద్రాసు రాష్ట్రానికి పంపిన అధికారి. 1877 జనవరిలో ఆయన ఖాయం చేసిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం (సుమారు 450 గ్రాములు), ఒక అణా. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికే చాలదని గట్టిగా ఎదిరించాడు. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఇద్దరికీ పేరులో రిచర్డ్, టెంపుల్ ఉండటం, ఇద్దరూ ఒకే కరువులో ఒకే రాష్ట్రంలో ఉండటం వల్ల పుస్తకాల్లో కూడా కలగాపులగం అవుతుంటుంది. పరీక్షలో జాగ్రత్త.

కుటుంబం కాగితాలు కావాలన్నారు. పాత రాతప్రతులు 1849లో ఆష్‌బర్నం ప్రభువుకు అమ్ముడై, 1883లో ప్రభుత్వం కొనగా, ఇప్పుడు అధికభాగం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంటి లెక్కలు, ఎస్టేటు ఉత్తరాలు అధికభాగం అమెరికాలో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వపు దస్త్రాల కోసం అంత దూరం పోనక్కర్లేదు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మొదలుపెట్టండి.

నెల్లూరు నుంచి ఒక టీచరు: ఇల్లు బడి ఎప్పుడైంది? ఇప్పుడు ఎవరిది? బడి పెడితే పాత ఇల్లు పాడవదా?

మూడో డ్యూక్‌కు మగపిల్లలు లేరు. 1889లో ఆయన పోవడంతో డ్యూక్ బిరుదు ఆగిపోయింది, ఇల్లు కూతురు లేడీ కిన్‌లాస్‌కు వచ్చింది. అప్పటికే ఇంగ్లండు పొలాల మీద రాబడి పడిపోయింది. అమెరికా గోధుమ, ఓడల్లో మంచుపెట్టి తెచ్చే మాంసం వచ్చి అక్కడి రైతు ధర దెబ్బతీశాయి. 1894లో మరణపన్ను కొత్త రూపంలో వచ్చింది. పది లక్షల పౌండ్లు దాటిన ఆస్తికి అప్పుడు నూటికి 8, 1919 నాటికి పెద్ద ఆస్తులకు 40, 1949 నాటికి 80. యజమాని పోయిన ప్రతిసారీ ఆస్తిలో ముక్క తెగుతుంది. అందుకే ఆ శతాబ్దంలో ఇలాంటి ఇళ్లు వందల్లో కూలగొట్టి రాళ్లు, సీసం, తలుపులు విడివిడిగా అమ్మేశారు.

స్టోను ముందు అద్దెకిచ్చారు. ఫ్రాన్సు గద్దె నాదన్న కౌంట్ ఆఫ్ పారిస్ అక్కడే ఉండి 1894లో అక్కడే పోయాడు. 1914లో లేడీ కిన్‌లాస్ పెద్ద కొడుకు యుద్ధంలో చనిపోయాడు. 1921లో ఇల్లు 50 వేల పౌండ్లకు హ్యారీ షా అనే ఆయన కొన్నాడు. దేశానికి దానం ఇద్దామనుకున్నాడు గానీ, ఇల్లు ఇస్తే చాలదు, దాన్ని సాకడానికి మూలధనం కూడా ఇవ్వాలి. అది కుదరలేదు. 1922లో బడి పెట్టేవాళ్లకు అమ్మాడు. 1923 మే 11న 99 మంది మగపిల్లలతో స్టో స్కూలు మొదలైంది. తొలి హెడ్మాస్టరు జె.ఎఫ్. రాక్స్‌బరో. 1974లో పై తరగతుల్లోకి ఆడపిల్లలు వచ్చారు, 2005 నుంచి అన్ని తరగతుల్లోనూ.

పాడవదా అన్నారు. కొంత పాడైంది. 1920ల చివర్లో బడికి చర్చి కట్టేటప్పుడు తోటలోని కాంకర్డ్ మందిరం నుంచి 16 స్తంభాలు పీకి అందులో పెట్టారు. స్తంభాల మధ్య ఖాళీల్లో ఇటుక గోడ కట్టారు. 1990లలో మళ్లీ కొత్త రాతితో స్తంభాలు చెక్కించి నిలబెట్టాల్సి వచ్చింది. గోథిక్ మందిరం బడిపిల్లల తుపాకుల గది అయింది, ఇప్పుడు ల్యాండ్‌మార్క్ ట్రస్టు దాన్ని సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తోంది. క్వీన్స్ మందిరంలో సంగీతం పాఠాలు. మెట్ల పక్క సింహాలు 1920ల వేలంలో బ్లాక్‌పూల్ పట్నం పార్కుకు పోయాయి. ఈమధ్యే వాటి పోత నకళ్లు తెచ్చి పాతచోట కూర్చోబెట్టారు.

కానీ బడి లేకపోతే ఇల్లే ఉండేది కాదు. ఫీజుల డబ్బు ప్రతి ఏడూ వస్తుంది, పైకప్పుకు ప్రతి ఏడూ ఖర్చుంటుంది. ఈ రెండూ జతకలిసినచోట ఇల్లు నిలుస్తుంది. అయినా బడికి తరగతులు నడపడానికి సరిపోయిన డబ్బు రాతిపనికి చాలలేదు. అందుకని భారం పంచుకున్నారు: 1989లో తోటలు నేషనల్ ట్రస్టుకు (పాత ఇళ్లు, తోటలు కాపాడే ధర్మసంస్థ) వెళ్లాయి. 1997లో ఇంటి కోసం విడిగా స్టో హౌస్ ప్రిజర్వేషన్ ట్రస్టు పెట్టి భవనం దాని చేతికిచ్చారు. బడి దాని దగ్గర కౌలుకు ఉంటోంది. దాతలు బడికి కాకుండా భవనానికి ఇస్తున్నామన్న నమ్మకంతో ఇవ్వడానికి ఈ ఏర్పాటు. మరమ్మతు ఆరు విడతలుగా వేసుకుని, ముందు ఉత్తరపు ముఖం, తర్వాత మార్బుల్ సలూన్ ఉన్న నడిమి భాగం పట్టారు.

ఇలాంటి ఇళ్ల మీద కప్పు సీసపు రేకు. ఎండకు సాగుతుంది, చలికి ముడుస్తుంది. రెండున్నర మీటర్ల రేకు 40 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకే ఒక్కో రేకు అంతకన్నా పొడుగు ఉండకూడదు, మేకులతో బిగదన్నకూడదు, అంచులు ఒకదాని మీద ఒకటి మడిచి వదలాలి. పనివాళ్లు రేకు మిగుల్తుందని పొడుగ్గా వేస్తే కొన్నేళ్లకు మధ్యలో చీలిక వస్తుంది. ఆ నీళ్లు నేరుగా కింద గదిలో పడవు. గోడలోకి దూలం దూరే చోటికి చేరి, దూలం కొనను లోపల్లోపల తినేస్తాయి. కింద సున్నపు పని ఊడే దాకా ఎవరికీ తెలియదు.

అల్లూరు నుంచి: మాది తాతల నాటి మేడ. టేకు దంతెలు, సున్నపు మిద్దె. మేడమీద ట్యూషన్ సెంటరుకు అడుగుతున్నారు. కురుస్తుందని పైన మూడంగుళాలు సిమెంటు కాంక్రీటు వేయమంటున్నాడు మేస్త్రీ. వేయొచ్చా?

వద్దు. ఇరవై అడుగులకు పన్నెండు అడుగుల గది మీద మూడంగుళాల కాంక్రీటు వేస్తే బరువు నాలుగు టన్నులు. వందేళ్ల నాటి దంతెల మీద అంత కొత్త బరువు ఎత్తకూడదు. రెండో సంగతి, ఇప్పటికే మిద్దెలోకి పోయిన తడి సిమెంటు కింద చిక్కుకుని, పైకి రాలేక దంతెల వైపు దిగుతుంది. స్టోలో సీసం చీలికలతో జరిగిందే మీ ఇంట్లో సిమెంటు వేసి మీరే చేయించుకున్నట్టు అవుతుంది.

ముందు చూడాల్సింది దంతెల కొనలు. కిందినుంచి నిచ్చెన వేసుకుని, గోడలోకి దూరే చోట ప్రతి కొననూ సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల పుచ్చింది. అనుమానం ఉన్నచోట సన్నని దబ్బనం గుచ్చి చూడండి, అరంగుళం తేలిగ్గా దిగితే ఆ కొన పోయినట్టే. దంతె మొత్తం మార్చకుండా, పుచ్చిన మేర కోసి, రెండు పక్కలా ఇనుప సీ చానల్ పట్టీలు బోల్టులతో బిగించి గోడ మీద ఆనించొచ్చు. ఇంజనీరు కొలతలిచ్చాకే చేయించండి.

మిద్దె బాగుచేయడానికి అసలు పద్ధతి ఇది. మద్రాసు మిద్దెకు మనదేశ ప్రమాణం ఐ.ఎస్. 2119 కూడా ఉంది, ఇంజనీరుకు చూపించండి. దంతెల మీద ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలచటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో పేరుస్తారు. వాటి మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు మూడంగుళాలు. ముక్కలు రెండున్నర పాళ్లకు సున్నపు గార ఒక పాలు. పరిచిన రోజు నుంచి కొయ్య కొట్టుడు బద్దలతో, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ మూడు నాలుగు రోజులు కొట్టాలి. బద్ద ఎగిరిపడుతుంటే గట్టిపడినట్టు, గుంటపడుతుంటే ఇంకా కొట్టాలి. దీని మీద పలచటి బిళ్లలు రెండు వరసలు సున్నంలో. కురుస్తున్నచోట మాత్రమే తీసి వేయాలంటే, చుట్టూ అడుగు ఎక్కువ తీసుకుని పాతదాని అంచు ఏటవాలుగా కోయండి. నిలువు అంచు పెడితే అక్కడే మళ్లీ కురుస్తుంది.

ఇసుక పెన్న ఇసుకే వాడండి. సముద్రపొడ్డు ఇసుక ఉచితంగా వచ్చినా వద్దు, ఉప్పు గోడల్లోంచి పొంగుతుంది. మీకు దొరికే గుల్ల సున్నం మంచిదే, కానీ తడిలో తనంతట తాను గట్టిపడదు. కురిసే చోట ఒక పాలు సున్నానికి ఒక పాలు మెత్తటి ఇటుక పొడి, రెండు పాళ్లు ఇసుక కలపండి. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. నానని గుల్ల ముక్క మిగిలితే పూత పూసిన నెలకు ఉబ్బి బొబ్బలాగా పేలుతుంది. పూత అయ్యాక వారం పాటు తడి గోనెలు కప్పండి. మీ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఈ పని జనవరిలో మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించండి.

ఇక ట్యూషన్ సంగతి. లెక్కల్లో నివాసపు గదికి చదరపు మీటరుకు 200 కిలోల భారం అనుకుంటారు. తరగతి గదికి 300, కుర్చీలు బిగించని జనసమ్మర్దపు హాలుకు 500. మీ మేడగది నివాసానికి కట్టింది. దంతెలు బాగున్నాయని ఇంజనీరు రాసిచ్చేదాకా పైన ట్యూషన్ వద్దు. కింద వరండా, హాలు ట్యూషన్‌కిచ్చి, మేడమీద మీరుండండి. ఫంక్షన్లకు మాత్రం మేడ ఎప్పుడూ ఇవ్వకండి.

కందుకూరు నుంచి: మా అబ్బాయి లండన్‌లో ఉన్నాడు. ఈసారి వెళ్లినప్పుడు స్టో చూడాలంటే ఎట్లా?

లండన్ యూస్టన్ స్టేషన్‌లో మిల్టన్ కీన్స్ సెంట్రల్‌కు రైలెక్కండి, వేగం బండికి ముప్పావుగంట లోపే. ఆ లైను మన డ్యూక్ చైర్మన్‌గా చేసిన కంపెనీదే. మిల్టన్ కీన్స్ నుంచి బకింగ్‌హాంకు బస్సు, అక్కడి నుంచి ట్యాక్సీ. తోటకు నేషనల్ ట్రస్టు టిక్కెట్టు, ప్రవేశం పాత న్యూ ఇన్ సత్రం దగ్గర. ఇల్లు బడి కాబట్టి రోజూ చూపించరు, ఎక్కువగా సెలవుల్లో తెరుస్తారు, దానికి టిక్కెట్టు వేరు. తేదీలు ముందే చూసుకుని బయలుదేరండి. తోట నడక చాలా దూరం, వాన పడితే బురద. మోకాళ్ల నొప్పులుంటే అబ్బాయిని కారు తీసుకురమ్మనండి.

రోజు మిగిలితే బ్లెచ్లీ పార్కు అక్కడికి దగ్గరే. మిల్టన్ కీన్స్ పక్క స్టేషన్లో దిగి అయిదు నిమిషాలు నడిస్తే చాలు. హెర్బర్ట్ లియాన్ అనే ధనికుడి ఇల్లు అది. కూలగొట్టి ఇళ్ల స్థలాలు వేద్దామనుకుంటుండగా, 1938లో గూఢచారి శాఖ అధిపతి అడ్మిరల్ సింక్లెయిర్ సొంత డబ్బు 6 వేల పౌండ్లు పెట్టి కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎనిగ్మా అనే యంత్రంతో పంపిన రహస్య సంకేతాలు విప్పింది అక్కడే. యుద్ధం తర్వాత పోస్టాఫీసు శిక్షణ కేంద్రం, టీచర్ల ట్రైనింగు కాలేజీ నడిచాయి, 1990ల నుంచి మ్యూజియం. యుద్ధకాలంలో వేసిన చెక్క షెడ్లు ఇంటికన్నా ముఖ్యం. ముందు ఆరో నంబరు, ఎనిమిదో నంబరు షెడ్లు చూసి తర్వాత ఇంట్లోకి వెళ్లండి. చలికాలంలో అయితే నాలుగింటికే చీకటి పడుతుంది, ఒకే రోజులో రెండూ పెట్టుకోవద్దు.